పది నుంచి పన్నెండు దాకా

నాంపల్లిలో మా పెళ్లికార్డుల షాపు వెనక భాగంలో నాకొక చిన్న కేబిన్ ఉంది. రెండేళ్ల క్రితం దాని తలుపుకు బోర్డు తగిలించాను: "పది నుంచి పన్నెండు దాకా పిలవకండి." ఆ రెండు గంటలూ నా ఫోను కూడా బయట కౌంటర్ సొరుగులో ఉండేది. వ్యాపారం చేసేవాళ్లకు ఏకాగ్రత ఎంత ముఖ్యమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దాని గురించి రాసిన పుస్తకాలే ఏరుకొచ్చి, సోమవారం షాపులో నలుగురినీ నిలబెట్టి శ్రీరంగనీతులు చెప్పేదాన్ని.

మరి లోపల నేను చేసిందేమిటంటే, ఏకాగ్రత పెంచుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు కంప్యూటర్‌లో చూడటం. నాలుగు రంగుల పెన్నులతో నోట్సు కూడా రాసుకునేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా దగ్గర కార్డులు కంపోజ్ చేసే పెద్దాయన్ని అందరం అన్న అంటాం, మా నాన్న హయాం నుంచీ ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను పాపా అని పిలిచేవాడు. కేబిన్ కట్టించాక మేడం అయ్యాను.

ఒక రోజు చాదర్‌ఘాట్ పెళ్లివారి కార్డు అర్జెంటు. పాత కార్డు ఫైలు తీసి, పేర్లు మార్చి కొత్తది చేయడం మాకు అలవాటే. అన్న ప్రూఫ్ తెచ్చేసరికి పదికి రెండు నిమిషాలుంది.

"జర మంచిగ చూడున్రి మేడం, పాత ఫైలు మీద చేసిన" అన్నాడు.

చిన్న పనులు అక్కడికక్కడే తేల్చేయాలని ముందు రోజే నేర్చుకున్నాను. చదవకుండా సంతకం గీకి తలుపు వేసుకున్నాను.

ఫైలు వెనక గల్లీలోని ప్రెస్సుకు వెళ్లింది. తర్వాత అన్నకు ఎందుకో అనుమానం వచ్చి, పెళ్లివారు రాసిచ్చిన కాగితంతో పోల్చి చూశాడు. పెళ్లికూతురి తాతగారొక్కరే పోయారు. మా కార్డులో నాయనమ్మ పేరు ముందు కూడా కీ.శే. ఉంది, పాత కార్డులోది అలాగే మిగిలిపోయింది. అన్న ప్రెస్సుకు ఫోన్ చేస్తే, మేడం చెప్తేనే ఆపుతామన్నారు. సంతకం పడ్డాక నేను తప్ప ఎవరూ ఆపకూడదని రూలు పెట్టింది నేనే. ఆయన నా తలుపు దాకా వచ్చి, బోర్డు చూసి, నేను సంతకం పెట్టిన ప్రూఫ్ చేత్తో పట్టుకుని స్టూల్ మీద కూర్చున్నాడు.

నేను పన్నెండింటికి తలుపు తీసేసరికి పెళ్లివారు ప్రెస్సు దగ్గరే కార్డులు తీసుకుని వెళ్లిపోయారు. ఎందుకు పిలవలేదని గదమాయిస్తే అన్న బోర్డు వైపు చూశాడు. సొరుగులో ఫోను తీస్తే వాళ్ల ఇంటి నుంచి అయిదు మిస్డ్ కాల్స్. తిరిగి చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మూడింటికి వాళ్లే వచ్చారు, ఆ నాయనమ్మ, ఆమె కొడుకు. నాలుగు మూలలా పసుపు పెట్టమని కార్డుల కట్ట ఆమెకే ఇచ్చారట. ఆమెకు చదువు రాదు. ఇరవై కార్డులకు పెట్టాక మనవరాలు చదివి వినిపించబోయి మధ్యలో ఆగిపోయిందట. ఆమె వేళ్లకు ఇంకా పసుపుంది.

"నేను సచ్చిపోయిన అని ఏసిన కార్డులకు నేనే పసుపు వెట్టిన బిడ్డా" అంది నాతో. "ముందుగాల గిది సూసింది ఎవరు?"

"మా కంపోజర్ పొరపాటమ్మా" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. కానీ అన్నాను.

నా సంతకమున్న ప్రూఫ్ అన్న చేతిలోనే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఔ అమ్మా, నాదే తప్పు. సూస్కోలే."

"కండ్లు కనవడకుంటే ఇంట్ల కూసో" అని మొదలుపెట్టి ఆ కొడుకు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను పక్కనే నిలబడి, "పోనీలెండి, పెద్దాయన" అన్నాను, నేనేదో క్షమించేస్తున్నట్టు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట అది. ఆఖరికి ఆ ముసలమ్మే కొడుకును ఆపి, అన్న భుజం మీద చెయ్యి వేసింది.

"పని జేసేటప్పుడు పని మీద ధ్యాస ఉండాలె కొడుకా" అంది.

కార్డులు మళ్లీ వేసి ఆ సాయంత్రమే పంపించాం. మర్నాడు బోర్డు పీకేశాను. ఇక ఎప్పుడైనా తలుపు తట్టమని అన్నకు చెప్పాను. తప్పు నాదని ఒప్పుకోవాలని ఒకసారి లోపలికి పిలిచాను కూడా. పిలిచి, కొత్త ఫాంట్ల గురించి పది నిమిషాలు మాట్లాడి పంపించేశాను. ఆ ప్రూఫ్ ఏమైందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

నిన్న పదకొండింటికి మంచినీళ్ల కోసం బయటికొస్తే, చేతిలో ఏదో కార్డు పట్టుకుని అన్న స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తట్టొచ్చు కదన్నా అన్నాను.

"ఇంక పన్నెండు కాలే కదా మేడం" అన్నాడు.