ఎదురెండలో రోజారమణి

"ముగింపు గీత ఎక్కడ గీస్తారండీ మాస్టారూ? సాయంత్రప్పూట ఎండ ఏ పక్కనుంచి పడతాది?"

అమ్మవారి జాతర తీర్థంలో ఆడపిల్లల పరుగు పందెం పెడుతున్నాం, ఫొటోలు తియ్యాలమ్మా అని వ్యాయామం మాస్టారు రమేష్‌బాబు ఫోన్ చేసినప్పుడు రోజారమణి అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయన నవ్వేశాడు.

"పరిగెత్తేది పిల్లలమ్మా, ఎండ కాదు."

"ఎండ కూడా పరిగెడతాదండీ. మనం సూసుకోపోతే పిల్లల కంటే ముందొచ్చి కెమెరాలో కూకుంటాది."

నర్సీపట్నం బస్టాండు దగ్గర సింహాద్రి గారి స్టూడియోలో రోజారమణి చేరింది కంప్యూటర్ పనికి. గొలుగొండలో చెరకు పండించే ఇంట్లో పుట్టి, కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో నడిపే రాజుబాబుని పెళ్లాడి పట్నం వచ్చింది. వేరేవాళ్లు తీసుకొచ్చిన పెళ్లి ఫొటోలు సరిచేసి ఆల్బమ్ పేజీలుగా పేర్చడం ఆమె పని. ఊరిలో జరిగిన ప్రతి పెళ్లీ ఆమె చూసింది, ఒక్క పెళ్లికీ వెళ్లకుండానే.

చూడగా చూడగా ఆమె కంటికి ఒక సంగతి ఆనింది. కొన్ని ఫొటోల్లో పెళ్లికూతురి నల్లటి జడ బూడిదరంగుకి దిగిపోయేది. బొమ్మంతా నీళ్లపాలు పోసినట్టు తెల్లబోయేది. ఒకసారైతే తాళి కట్టే పెళ్లికొడుకు బుగ్గ మీద ఆకుపచ్చ బిళ్ల ఒకటి తేలింది. ఎంత దిద్దినా అది పోలేదు.

"ఇదేటండీ ఇలాగున్నాది?" అని సింహాద్రిని అడిగింది.

ఆయన ఆమెను స్టూడియో గుమ్మంలోకి తీసుకొచ్చాడు. రోడ్డుకి అవతల, ఎండలో, ఒక బస్సు వస్తోంది. "ఆ బస్సు బోర్డు సదువమ్మా" అన్నాడు. రోజారమణి కళ్లు చిట్లించి, చెయ్యెత్తి కనుబొమల మీద అడ్డం పెట్టుకుంది.

"కోటవురట్ల."

"నువ్విప్పుడు పెట్టుకున్నావు సూడు సెయ్యి, అదే కెమెరాకైతే హుడ్డు." ఆయన అద్దాల బీరువాలోంచి నల్లటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసి లెన్స్ ముందు తిప్పి బిగించాడు. "సూర్యుడు బొమ్మలో లేకపోయినా పక్కనుంచొచ్చి అద్దం మీద పడితే సాలు, లోపలంతా ఎలుగు సెదిరిపోద్ది. రంగు సచ్చిపోద్ది. ఇది ఆ పక్క ఎలుగుని ఆపుద్ది. మనోళ్లు దీన్ని సంచిలో మర్సిపోతారు, తర్వాత నువ్వు దిద్దలేక సస్తావు."

రోజారమణికి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ తను కంప్యూటర్ ముందు కూర్చుని కుస్తీ పట్టిన జబ్బుకి మందు ఇంత చిన్న గొట్టంలో ఉందా!

"నాకోసారి ఇస్తారా?" అంది. ఆ సాయంత్రం దాకా కెమెరా దించలేదు. హుడ్ పెట్టి ఒకటి, తీసి ఒకటి. అరటిపళ్ల బండి, కరెంటు తీగల మీద కాకులు, ఆటోలో నిద్రపోతున్న మొగుడు. రెండు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ, "సూడండి, నలుపు నల్లగా ఉన్నాది!" అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. కొందరికి తేడా తెలిసింది, కొందరు ఆమె సంబరం చూసి తలూపారు.

అలా మొదలైంది. ఒక పెళ్లికి వెళ్లాల్సిన ఫొటోగ్రాఫర్‌కి జ్వరం వస్తే సింహాద్రి ఆమెను పంపాడు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఆమెను చూసి, తమ గదిలోకి, తమ కబుర్లలోకి రానిచ్చారు. ఫొటోలు చక్కగా వచ్చాయి గానీ, గదిలో కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలిగించి తీసిన వాటన్నిటిలో అడుగున ఒక నల్లటి అర్ధచంద్రుడు కూర్చున్నాడు. హుడ్ నీడ! ఎండ లేని గదిలో, ఫ్లాష్ పక్కన దానికి పనిలేదని ఆ రోజు తెలిసింది. ఇంకోసారి పూరేకుల్లా అంచులున్న హుడ్‌ని సరిగ్గా టక్కుమనేదాకా తిప్పలేదు. ఫొటో మూలలన్నీ నల్లబడ్డాయి. తప్పు చేసిన ప్రతిసారీ సింహాద్రి దగ్గరికి పరిగెత్తుకొచ్చి తనే చూపించేది, దొంగని పట్టుకున్నదానిలా. పెద్దాయన చేతులు వణకడం మొదలయ్యాక స్టూడియోలో బయటి పనంతా ఆమె మీదే పడింది. ముప్పై అయిదేళ్లు దాటాక దొరికిన పని అది. నిన్ననే దొరికినట్టు మురిసిపోయేది.

పందెం నాడు రోజారమణి రెండు గంటలు ముందే తీర్థానికి చేరింది. గొలుగొండ రోడ్డు మీద రెండు మైళ్ల పరుగు, ముగింపు గ్రామదేవత గుడి ముందు. రంగులరాట్నం, జీళ్ల దుకాణాలు, బూరల మోత. రోడ్డుకి పడమటి పక్క నీళ్లు పారే బోదె. అక్కడ నిలబడే చోటు లేదు. అంటే తూర్పు పక్కనే నిలబడాలి, పడమటికి తిరిగి. పందెం ముగిసే వేళకి సూర్యుడు సరిగ్గా ఎదురుగా కాకపోయినా, కొంచెం ఎడమగా, వరిచేల మీదికి వాలి ఉంటాడు. రోజారమణి గీతకి సూటిగా నిలబడి, పొడుగు లెన్స్‌కి పొడుగు హుడ్ బిగించి చూసింది. వెలుగు అంచు దాకా వచ్చి ఆగింది. ఇంకా కొంచెం నీడ ఉంటే మేలు.

ఆమె అక్క జోగులమ్మ అక్కడే ఉంది. జోగులమ్మ కూతురు సాయిలక్ష్మి కూడా పందెంలో పరిగెడుతోంది. గొలుగొండలో ఆ పిల్లని మించి పరిగెత్తేవాళ్లు లేరు.

"అప్పా, ఈ సేట పట్టుకుని నా ఎడంపక్క నిలబడు. ఎండ లెన్స్ మీద పడకుండా ఇలాగ అడ్డం పెట్టు. కదలకు."

పక్క దుకాణంలో అడిగి తెచ్చిన చేట అది. "నా కూతురు పరిగెడతంటే నాను సేట పట్టుకోవాలేటే?" అంటూనే జోగులమ్మ పట్టుకుంది.

డప్పులు మోగాయి. రోడ్డు మలుపు దగ్గర కేకలు లేచాయి. ఇరవై మంది దాకా బయల్దేరిన పిల్లల్లో ఇద్దరే ముందున్నారు. ఒకరు సాయిలక్ష్మి, పసుపు రంగు టీషర్టులో. రెండో పిల్లని చాలామంది ఎరగరు. కొండమీది ఊరినుంచి తండ్రితో వచ్చిన దేవి. చెప్పులు విప్పి తండ్రి చేతికిచ్చి, వట్టికాళ్లతో పరిగెడుతోంది.

"సాయిలచ్చీ!" అని జోగులమ్మ అరిచింది. రోజారమణికీ అరవాలనిపించింది. కానీ కన్ను కెమెరాకే అంటించి ఉంచింది. జనం రోడ్డుకి రెండు పక్కలా ఊగిపోతున్నారు. దేవి అందుకుంది. సాయిలక్ష్మి మళ్లీ ముందుకి ఉరికింది. గీత ఇరవై అడుగులు. పది.

సరిగ్గా అప్పుడు జోగులమ్మ ఎగిరింది. చేట గాలిలోకి లేచింది, ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. ఎండ సర్రున వచ్చి రోజారమణి బుగ్గ మీద పడింది. "అయిపోయింది" అనుకుంది ఆమె. వేలు మాత్రం ఆగలేదు. కెమెరా టకటకా కొట్టుకుంది. ఇద్దరు పిల్లలూ ఒకే గాలిలా గీత మీద కట్టిన దారాన్ని తెంచుకుంటూ వెళ్లిపోయారు.

ఆ మరుక్షణం జనం వచ్చి ఆమె మీద పడ్డారు. ఎవరో తోశారు, కెమెరా వెళ్లి పందిరి గుంజకి ఠక్కుమని కొట్టుకుంది. రోజారమణి కెమెరా తిప్పి చూసింది. హుడ్ అంచు పగిలి వేలాడుతోంది. లెన్స్ అద్దం మీద గీత కూడా లేదు.

"సాయిలక్ష్మి ఫస్టు!" అని మైకులో ప్రకటించేశాడు రమేష్‌బాబు. గొలుగొండ కుర్రాళ్లు ఈలలు వేశారు. జోగులమ్మ కళ్లనిండా నీళ్లతో కూతుర్ని వాటేసుకుంది.

జనంలోంచి బక్కపల్చటి మనిషి ఒకడు వేదిక దగ్గరికి వచ్చాడు. దేవి తండ్రి భీమన్న. కూతురి చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"బాబూ, మా గుంట ముందొచ్చినాది. నాను గీత కాడే ఉన్నాను."

"నీ కూతురు కదా, నీకలాగే అనిపిస్తాది" అన్నారెవరో. కొండవైపు నుంచి వచ్చినవాళ్లు నలుగురైదుగురు గొంతు కలిపారు. ఇటువైపు గొంతులూ లేచాయి. మూడు నాలుగు ఫోన్లు బయటికి వచ్చాయి. వీడియోలన్నీ తెల్లటి మంటలే. ఎండలో రెండు నీడలు ఊగడం తప్ప ఏమీ తెలియలేదు. రమేష్‌బాబు నుదురు తుడుచుకున్నాడు. "నా కంట్లోనూ ఎండే పడిందయ్యా. నిజం చెప్పాలంటే నాకూ సరిగా కనబడలేదు" అన్నాడు మైకు పక్కకి జరిపి. అందరి తలలూ రోజారమణి వైపు తిరిగాయి.

ఆమె అప్పటికే చూసుకుంటోంది. తల మీద కొంగు కప్పుకుని, ఆ చీకట్లో కెమెరా తెర మీద ఒక్కో ఫొటో జరుపుతోంది. నలుపు నల్లగా ఉంది. దారం ఎర్రగా ఉంది. చేట ఎగిరిపోయాక కూడా పొడుగు హుడ్ ఒక్కటే ఎండని ఆపింది! ఆ సంతోషం ఒక్క క్షణమే. తర్వాతి ఫొటోలో దారం ఒక పిల్ల ఎదకి తగిలి వంగుతోంది. రెండో పిల్లకి ఇంకా బెత్తెడు దూరం ఉంది. ముందున్నది దేవి.

కొంగు లోపలికి జోగులమ్మ తల దూర్చింది. ఆమె కూడా చూసింది. "ఒలే రోజా," అంది చాలా నెమ్మదిగా, "సరిగ్గా రానేదని సెప్పీవే. నీకేటి పోద్ది?"

రోజారమణి అక్క మొహం చూసింది. చిన్నప్పుడు తనని చంకనేసుకుని చెరకు తోటలన్నీ తిప్పిన మనిషి.

"పిన్నీ, ఏదీ, నన్ను సూడనీ!" సాయిలక్ష్మి ఇంకా రొప్పుతూనే తల్లిని తోసుకుని వచ్చింది. తెర మీదికి వంగింది. చూసింది. ఒక్కసారి కింది పెదవి కొరుక్కుంది. తర్వాత ఆ పిల్ల చేసిన పనికి రోజారమణి కూడా సిద్ధంగా లేదు. కెమెరా పట్టీ పట్టుకుని పిన్నిని లాక్కుంటూ జనంలోకి నడిచింది.

"ఏయ్ దేవీ! బేగి రా, ఇలా రా! సూడు ఎలా పరిగెడతన్నావో! గాల్లో ఉన్నావు నువ్వు, రెండు కాళ్లూ గాల్లోనే ఉన్నాయి!"

దేవి సిగ్గుపడుతూ వచ్చింది. తెర చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. వాళ్ల నాన్న వంగి చూశాడు. రమేష్‌బాబు కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఇంకెవరూ అడగాల్సిన అవసరం లేకపోయింది. మైకులో పేరు మారింది. కొండ నుంచి వచ్చినవాళ్లు అరిచిన అరుపుకి రంగులరాట్నం మీది పిల్లలు కూడా దిగి వచ్చారు. మొదటి బహుమతిగా పెట్టిన సైకిలు దేవికి ఇచ్చారు. సాయిలక్ష్మి దాని వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది. ఇద్దరూ జనంలో ఒక చుట్టు తిరిగారు. డప్పులవాళ్లు వెంటపడ్డారు.

జోగులమ్మ పందిరి గుంజకి ఆనుకుని కూర్చుంది. రోజారమణి వెళ్లి పక్కన చతికిలబడింది. "కోపమేటి అప్పా?"

"ఉంటాది కొంచెం," అంది జోగులమ్మ. "నా కూతురి ఫొటో ఏదీ, అదీ బాగా వచ్చిందా?" అని చెయ్యి చాపింది. చూసి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, "పెద్దది సేయించు. గోడకి పెడతాను" అంది.

ఆ ఫొటో మర్నాటికల్లా నర్సీపట్నంలో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. దారం మీద దేవి, బెత్తెడు వెనక సాయిలక్ష్మి, ఇద్దరి నోళ్లూ తెరుచుకుని, చెమట చుక్కలు విడివిడిగా మెరుస్తూ. సింహాద్రి దాన్ని స్టూడియో అద్దంలో పెట్టించాడు. వచ్చిపోయేవాళ్లతో, "ఎదురెండలో తీసింది, తెల్సా!" అని చెప్పడం ఆయనకి రోజూ పనైపోయింది. రమేష్‌బాబు ఇద్దరు పిల్లల్నీ జిల్లా పోటీలకి తయారుచేస్తానని పట్టుబట్టాడు. దేవిని తన ఇంట్లో ఉంచుకుని తిండి పెడతానన్నది ఎవరో కాదు, జోగులమ్మే.

ఇప్పుడు రోజూ తెల్లవారగానే గొలుగొండ రోడ్డు మీద ఇద్దరూ పరిగెడుతున్నారు. పోటీలకి వారం ముందు ఒక మబ్బు పొద్దున, వాళ్లని ముందునుంచి తియ్యాలని రోజారమణికి పట్టుదల పుట్టింది. రాజుబాబు ఆటో నడుపుతుంటే వెనక వైపు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. కొత్త హుడ్ తెరచాపలా గాలి పట్టి కెమెరాని వణికిస్తోంది. ఎండ ఎలాగూ లేదు. హుడ్ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా బేగి పోనియ్యి!" అంది మొగుడితో.

"పాత బండి, మెరక రోడ్డు! దీనికింతకంటే రాదే!"

పిల్లలిద్దరూ నవ్వుతూ దగ్గరికి వచ్చేస్తున్నారు. ఫ్రేము నిండిపోయింది, మొహాలు మరీ పెద్దవైపోయాయి, ఫోకస్ అందలేదు. "ఆగండే, కొంచెం ఆగండి!" అని రోజారమణి అరుస్తూనే ఉంది. దేవి ఒక పక్కనుంచి, సాయిలక్ష్మి ఇంకో పక్కనుంచి, ఆటోని దాటేసి వెళ్లిపోయారు.