గోళీల పెట్టె

ఆఫీస్ పని మీద రెడ్‌మండ్ నుంచి బోస్టన్ వెళ్లినప్పుడు, మధ్యాహ్నం భోజనానికి ఒక పాత పబ్‌లో దూరాను. ఒకప్పుడది మెంబర్లు మాత్రమే అడుగుపెట్టే పడవ పందేల క్లబ్బు. గోడల నిండా ఇంకా తెడ్లే. కౌంటర్ మీద కన్నం ఉన్న చెక్కపెట్టె, పక్కన రెండు గిన్నెల్లో గోళీలు: తెల్లవి, నల్లవి. చిన్నప్పటి అలవాటు ఊరుకోదు కదా, ఒక తెల్లదాన్ని వేలితో గురిచూసి కొట్టాను. సరిగ్గా కన్నంలో పడింది.

"థాంక్స్. మా నాన్నకి ఓటేశారు," అంది బార్ వెనకున్న పెద్దావిడ.

నేను తెల్లమొహం వేశాను. ఆవిడే చెప్పింది. ఎవరైనా క్లబ్బులో చేరాలంటే మెంబర్లు ఇందులో రహస్యంగా గోళీలు వేసేవాళ్లట. ఒక్క నల్లది పడినా చేర్చుకోరట.

"మా నాన్న వీళ్ల పడవలు బాగుచేసేవాడు. ఆయనకి ఒకే ఒక్క నల్లది పడింది. క్లబ్ మూతపడ్డాక బిల్డింగ్ నేను కొన్నాను. ఇప్పుడు వచ్చినవాళ్లంతా ఓటేస్తారు."

వీసా లాటరీలో రెండేళ్లుగా పేరు రానివాణ్ని. ఉండబట్టలేక అడిగాను, "మరి నల్లవెందుకు పెట్టారు?"

"ఓటంటే రెండూ ఉండాలిగా. వాటితో నాకు ఇంతవరకూ దుమ్ము తుడిచే పనే పడింది."