పిండి ముద్దలో స్క్రూలు

ఈ ఉదయం కారు హీటర్ వేయగానే ఫ్యాన్ టకటకమని కొట్టుకుని, ఎండు వేపాకు మాడిన వాసన వదిలి ఆగిపోయింది. ఆ వాసనకు మార్కాపురంలో మా పక్కింటి ఓబులయ్య మామ గుర్తొచ్చాడు. శ్రీశైలం వెళ్లే యాత్రికులకు ఈ కారే తోలేవాడు. వయసు మళ్లాక దీన్ని నాకిచ్చి, నడపడమూ విప్పడమూ నేర్పాడు. కారుంది, ఆయన లేడు.

మామ రిపేర్లన్నీ ఇంటి ముందు వేపచెట్టు కిందే చేసుకునేవాడు. ఏది విప్పాలన్నా ముందు చపాతీ పిండి ముద్ద కావాలి. ఊడదీసిన స్క్రూలను వరుసగా అందులో గుచ్చి, బిగించేటప్పుడు చివరి నుంచి తీసుకుంటూ వచ్చేవాడు. పిండి కలిపేది ఆయన భార్య రమణమ్మత్త. ఇంట్లో మనుషులకంటే బండికి కలిపేదే ఎక్కువైందని సణుగుతూనే, ముద్దను నాలుగు వేళ్లతో ఒత్తి పళ్లెంలో పెట్టి ఇచ్చేది. నేను అరుగు మీద కూర్చుని వాళ్ల పోట్లాట వినేదాన్ని. అంత హాయి నాకు పుట్టింట్లో కూడా దొరకలేదు.

ఒకరోజు హీటర్ ఫ్యాన్ విప్పి ఉండగానే అత్తకు గుండెనొప్పి వచ్చింది. వేరే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆమె తిరిగి రాలేదు. స్క్రూలతో సహా ముద్ద ఎండిపోయింది. దాని మీద ఆమె వేళ్ల గుర్తులు చెక్కుచెదరలేదు. మామ దాన్ని స్టీలు డబ్బాలో దాచుకున్నాడు. వానొస్తే అద్దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ తోలేవాడు గానీ ఫ్యాన్ మాత్రం బిగించలేదు.

ఆ తర్వాత ఒక ముసురులో మా పాపకు ఆయాసం ఎక్కువైంది. ఊళ్లో డాక్టరు కర్నూలు తీసుకెళ్లమన్నాడు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాలి. హీటర్ లేకపోతే అద్దానికి ఆవిరి పట్టి దారి కనపడదు, అద్దాలు దించితే చలిగాలికి పాప తట్టుకోలేదు. ఇంకో బండి దొరకలేదు. వేరే స్క్రూలు వేద్దామన్నాను. అంత పొట్టివి ఊళ్లో లేవని, పొడుగువైతే ఫ్యాన్ రెక్కలకు తగులుతాయని మామ చెప్పాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. పగలగొట్టడానికి చెయ్యి రాలేదేమో, గిన్నెలో వేడినీళ్లు పోసి ముద్దను అందులో వదిలాడు.

“వద్దు మామా, ఇంకేమన్నా చూద్దాం” అన్నాను.

“మీ అత్త ఉండింటే ఈపాటికి తానే నానబెట్టి, నన్ను నాలుగు తిట్టుండేది. అట్ల నిలబడితే ఎట్ల, పో, బిడ్డకు దుప్పటి కప్పి ఎత్తుకోని రా.”

గుర్తులు కరిగిపోతుంటే ఆయన గిన్నెలోకి చూడలేదు. స్క్రూలను చేత్తో తడిమి తీసి, పంచె అంచుకు తుడిచాడు. ఘాట్ పొడుగునా అద్దం తేటగానే ఉంది. పాప నా ఒళ్లో నిద్రపోయింది. మామ మాత్రం మాటిమాటికీ కళ్లు తుడుచుకున్నాడు, హీటర్ వేడికి మండుతున్నాయన్నాడు.

ఈరోజు ఫ్యాన్ విప్పే ముందు నేనూ గుప్పెడు పిండి కలిపాను. కాలేజీకి బయలుదేరుతూ పాప అది చూసి, ఇదేం పద్ధతమ్మా అని నవ్వింది. తన కోసం ఒకాయన, భార్య చివరి గుర్తును నీళ్లలో కలుపుకున్నాడని ఎలా చెప్పను? రెక్కల్లో ఇరుక్కున్న వేపాకులు దులిపి, ఫ్యాన్ బిగించాను. తర్వాత ఖాళీ ముద్దను వేడినీళ్లలో వేసి, కరిగేదాకా అక్కడే నిలబడ్డాను.