నాన్న దణ్ణం పెట్టిన శుక్రవారం

మా నాన్న దేవుడికి దణ్ణం పెట్టాడని తెలిసి మా పిన్ని ఆకివీడు నుంచి పూతరేకుల డబ్బా పట్టుకుని దిగిపోయింది. నాకు కూతురు పుట్టినప్పుడు ఉత్త చేతులతో వచ్చిన మనిషి ఆవిడ. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "చూశావుటే! ఎంతటివాడైనా చివరికి అక్కడికి రావాల్సిందే," అంది నావైపు చూసి. ఆ మాట నాన్నకి కాదు, నాకు. మా చుట్టాల్లో దేవుడు లేడనేవాళ్ళం ఇద్దరమే, నాన్నా నేనూ. ఒకరు జారిపోయారు కాబట్టి ఇంక నా వంతు అని ఆవిడ లెక్క. నాకు ఒళ్ళు మండిపోయింది. "పిన్నీ, ఇవాళ పొద్దున్న నన్ను పట్టుకుని ఎవరండీ మీరు అని కూడా అడిగాడు. దానిక్కూడా స్వీట్లు పంచుతావా?" అన్నాను. వంటింట్లోంచి అమ్మ "నోరు ముయ్యవే" అంది. ఆ గొంతులో కోపం లేదు. అమ్మ సంతోషంగా ఉంది. నా బాధ కూడా అదే.

ఇది నిరుడు శ్రావణంలో మాట. నాన్నకి మతిమరుపు జబ్బు మొదలై అప్పటికి కొన్నేళ్ళయింది. నేను ఏలూరులో ఉద్యోగం చేస్తూ, వారంలో సగం రోజులు రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చి అమ్మానాన్నల దగ్గర ఉంటున్నాను. కొత్తవి ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి అని చెప్పాడు ఏలూరు డాక్టరు. అన్నంత పనీ అయింది. ఆయన జ్ఞాపకంలోంచి ముందు నా పిల్లలు పోయారు, తరవాత మా ఆయన పోయాడు, తరవాత నేను పోయాను. అమ్మ మాత్రం ఇంకా ఉంది. పేరు గుర్తు లేదు గానీ మనిషి గుర్తుంది.

నాన్న పుట్టింది కొల్లేటి లంకలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. బతికింది తాడేపల్లిగూడెంలో, ఇంజన్లు బాగుచేస్తూ. పెదపాడు నుంచి ఆకివీడు దాకా చేపల చెరువుల మీద నీళ్ళు తోడే ఏ ఇంజను మొరాయించినా నాన్న షెడ్డుకే వచ్చేది. దేవుడి గురించి ఎవరితోనూ వాదించేవాడు కాదు. గుడి వాళ్ళ జనరేటరు పాడైతే బాగుచేసి, బయటే నిలబడి బీడీ కాల్చుకుని వచ్చేసేవాడు. ప్రసాదం పెడితే శుభ్రంగా తినేవాడు. "పులిహోరతో నాకేం గొడవమ్మా?" అనేవాడు. చిన్నప్పుడు నేను మతం అంటే ఏంటి నాన్నా అని అడిగితే, "పదిమందీ కలిసి కట్టుకున్న ఇల్లు. అందులో మీ అమ్మకి ఓ గది ఉంది. నాకు అరుగు చాలు," అన్నాడు. మరి నీకు దేనిమీదా నమ్మకం లేదా అంటే, "ఎందుకు లేదూ? మీ అమ్మ ఉంది కదా," అని నవ్వాడు.

నమ్మకంలో రెండు రకాలున్నాయని నాకు పిన్నిని చూశాక ఇంకా బాగా తెలిసింది. దేవుడున్నాడనుకోవడం ఒకటి. భారం ఆయన మీద వేసి హాయిగా నిద్రపోవడం ఇంకొకటి. పిన్నికి మొదటిది బోలెడంత ఉంది, రెండోది చుక్క కూడా లేదు. అందుకే ఆవిడ మెడలో తాయెత్తు మీద తాయెత్తు. నాన్నకి మొదటిది లేదు గానీ, భారమంతా అమ్మ మీద వేసి పడుకోగానే గుర్రుపెట్టేవాడు. అమ్మకి రెండూ ఉన్నాయి. నాకు రెండూ లేవు, అందుకే నాకు నిద్ర పట్టదు.

అమ్మకి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆయన ఒక్కసారి చేతులెత్తి దణ్ణం పెడితే చూడాలని. పెట్టిన రోజు కొల్లేటికోట అమ్మవారికి పొంగలి వండి, చీర పెట్టి, ఆయన్ని ఎదురుగా నిలబెడతానని పెళ్ళైన కొత్తలో మొక్కుకుంది. ప్రతి శుక్రవారం పూజ చేసి, గంట కొట్టి, హారతి పళ్ళెం పట్టుకుని ముందు గదిలో నాన్న దగ్గరికి వచ్చేది. గంట వినపడగానే నాన్న లేచేవాడు, హారతి కళ్ళకద్దుకోవడానికి కాదు, ఫ్యాన్ ఆపడానికి. "ఫ్యానాపకుండా వస్తావేంటే, దీపం ఆరిపోద్ది," అనేవాడు. "ఆరిపోద్ది అనకూడదండీ, కొండెక్కుద్ది అనాలి," అనేది అమ్మ. "ఏ కొండో నీకే తెలియాలి," అని ఆయన స్విచ్చి దగ్గరే నిలబడేవాడు. ఆవిడ పళ్ళెం ఆయన ముందు ఒక్క క్షణం పట్టుకుని, ఆయన చేతులు కదలకపోతే నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది. అప్పుడు ఆయన ఫ్యాన్ వేసేవాడు. వాళ్ళ కాపురమంతా అలాగే నడిచింది, పోట్లాట లేకుండా. జబ్బొచ్చాక కూడా గంట వినపడగానే లేచి ఫ్యాన్ ఆపేవాడు.

జబ్బు మొదట్లో, ఇంకా తెలివి పూర్తిగా ఉన్నప్పుడు, నాన్న నన్ను పక్కన కూచోబెట్టుకుని ఓ మాట చెప్పాడు. "అమ్మాయ్, రేపు నేను ఏదేదో అంటాను, ఏదేదో చేస్తాను. అదంతా పాడైన ఇంజను చేసే చప్పుడు. నా మాట కాదు. నువ్వు వినకు, ఎవరినీ విననివ్వకు." సరే నాన్నా అన్నాను. అందుకే పిన్ని పూతరేకులు నేను ముట్టలేదు.

నాన్న దణ్ణం పెట్టిన ఆ శుక్రవారం నేనూ అక్కడే ఉన్నాను. కరెంటు లేదు, ఇల్లంతా ఉక్కగా ఉంది. అమ్మ గంట కొట్టి హారతి తెచ్చింది. నాన్న కుర్చీలో కూచుని ఉన్నవాడు ఉన్నట్టే రెండు చేతులూ జోడించి గుండెల దాకా ఎత్తాడు. అమ్మ పళ్ళెం పట్టుకునే "తల్లీ, తల్లీ" అని ఏడ్చేసింది. సాయంత్రానికి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి.

నాకు మాత్రం ఆ చేతులు చూడగానే కొల్లేటి గట్టు గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలి. నేను కాలేజీలో చేరిన ఏడు, నాన్న మోటారుసైకిలు మీద నన్ను కొల్లేటి వైపు తీసుకెళ్ళాడు. ఒక గట్టు మీద బండి ఆపి, "మా అమ్మ నన్ను ఇక్కడే నిలబెట్టింది," అన్నాడు. తుఫాను రోజు. వాళ్ళ నాన్న తాటిదోనె మీద చేపలకి వెళ్ళి తిరిగి రాలేదు. మా నాయనమ్మ చిన్నపిల్లాడైన నాన్నని గట్టు మీద నీళ్ళకి ఎదురుగా నిలబెట్టి, "పిల్లల మాట అమ్మవారు వింటుంది. చేతులు జోడించి అడుగు. అయ్య వచ్చేదాకా దించకు. దించితే రాడు," అంది. పిల్లాడు అలాగే నిలబడ్డాడు. చేతులు లాగేశాయి, నిద్ర ముంచుకొచ్చింది. కూలబడి నిద్రపోయాడు. చేతులు దిగిపోయాయి. దోనె రాలేదు.

"దాంతో నాకు రెండే దార్లు మిగిలాయమ్మా," అన్నాడు నాన్న, నీళ్ళవైపు చూస్తూనే. "మా అయ్యని నేనే చంపానని అయినా అనుకోవాలి, నా చేతుల్ని పైనుంచి చూసేవాళ్ళు ఎవరూ లేరని అయినా అనుకోవాలి. పెద్దయ్యాక రెండోది అనుకున్నాను. లేకపోతే బతకలేకపోదును." తరవాత బండి స్టార్టు చేసి, "మీ అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది," అన్నాడు.

నేను చెప్పలేదు. దేవుడు లేడనడం చాలామందికి పొగరు, కొందరికి చదువు. మా నాన్నకి అది ప్రాణం నిలబెట్టుకున్న మందు. జబ్బు ఆయన దగ్గర్నుంచి ఆ మందు లాగేసుకుంది. ఇన్నేళ్ళ ఇంజన్ల చప్పుడంతా తుడిచేసి, పిల్లాణ్ణి తీసుకెళ్ళి మళ్ళీ ఆ గట్టు మీద నిలబెట్టింది. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. చెబితే అమ్మ సంతోషం పోతుంది, చెప్పకపోతే నాన్న ఆ గట్టు మీదే ఉండిపోతాడు. ఏం చెయ్యాలో తోచలేదు.

పిన్ని మాత్రం ఊరుకోలేదు. "మొక్కు నిలవుంచకూడదక్కా. వచ్చే శుక్రవారం కారు తెస్తాను, బావగారిని కొల్లేటికోట తీసుకుపోదాం," అంది. అమ్మ నా చేత ఏలూరులో చీర కొనిపించింది. నమ్మకం లేనిదాన్ని, అయినా ఆకుపచ్చ అంచు బాగుందా ఎరుపు బాగుందా అని రెండు కొట్లు తిరిగాను. అమ్మవారి కోసం కాదు, మా అమ్మ కోసం. మొగుడు మారాడని ఆ వారమంతా ఆవిడ పాటలు పాడుకుంటూ పనిచేసింది. ఆ మొహం చూస్తూ నేను నోరు విప్పలేకపోయాను.

శుక్రవారం పొద్దున్నే పిన్ని కారుతో వచ్చింది. నాన్నకి కొత్త పంచె కట్టి ముందు గదిలో కూచోబెట్టాం. చీర, పసుపు, కుంకుమ బల్ల మీద సర్ది ఉన్నాయి. బయల్దేరేముందు పూజ ముగించి అమ్మ గంట కొట్టింది. ఆ రోజు కరెంటు ఉంది, నాన్న నెత్తిమీద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. అమ్మ ఎప్పటి అలవాటు ప్రకారం హారతి పళ్ళెంతో గడప దాటి వచ్చేసింది. గంట కొడితే ఆయన లేచి ఫ్యాన్ ఆపుతాడు. అంత గట్టిగా అమ్మ ఏ దేవుణ్ణీ నమ్మి ఉండదు. గది మధ్యకి వచ్చేసరికి కర్పూరం ఆరిపోయింది.

"అయ్యో అయ్యో, కొండెక్కింది!" అని పిన్ని గుండెలు బాదుకుంది. అమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకుని పైకి చూసింది, ఫ్యాన్ వైపు. తరవాత నాన్న వైపు చూసింది. నాన్న అప్పటికే చేతులు జోడించి ఉన్నాడు. ఆయన చూపు పళ్ళెం మీద లేదు, దేవుడి గది మీద లేదు. వీధి కిటికీలోంచి ఎక్కడికో చూస్తున్నాడు. మోచేతులు వణుకుతున్నాయి. "దించలేదు తల్లీ... దించలేదు," అంటున్నాడు.

"చూడక్కా, ఎంత భక్తో!" అంది పిన్ని.

అమ్మ పళ్ళెం నేలమీద పెట్టేసింది. నాన్న ముందు కూచుని ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "ఏవండీ, చేతులు దించండి," అంది.

"దించితే అయ్య రాడు."

"వచ్చేశారండీ. దోనె కట్టేశారు. బయట కాళ్ళు కడుక్కుంటున్నారు."

నాన్న ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. "నిజంగా?"

అమ్మ ఆయన తలమీద చెయ్యి పెట్టింది. "మీ మీద ఒట్టు," అంది. అబద్ధపు ఒట్టు వేస్తే కళ్ళు పోతాయని నన్ను భయపెట్టి పెంచిన మనిషి. నాన్న చేతులు మెల్లగా విడిపోయి ఒళ్ళో పడ్డాయి. గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. నేను గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పిన్నికి ఏమీ అర్థం కాలేదు. "బయల్దేరదామా అక్కా? మొక్కు..." అంది.

"మొక్కు తీరలేదే," అంది అమ్మ లేస్తూ. "నేను అడిగింది మా ఆయన్ని. నాతో సరసాలాడుతూ ఫ్యాన్ ఆపే మనిషిని. తండ్రి కోసం ఏడుస్తున్న పసివాణ్ణి తెచ్చి దణ్ణం పెట్టించమని నేనడగలేదు." చీర తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది. పిన్ని కాఫీ తాగి, గొణుక్కుంటూ కారెక్కింది.

పిన్ని వెళ్ళాక అమ్మ దగ్గరికి వెళ్ళి, దోనె సంగతి నీకెలా తెలుసని అడిగాను. "పెళ్ళైన కొత్తలో నిద్దట్లో చేతులు జోడించేవారు, దించను, దించితే అయ్య దోనె రాదు అనేవారు," అంది. "నేను మెల్లగా విడదీసి, వచ్చేశారులెండి అని జోకొట్టేదాన్ని. పొద్దున్నకి ఏమీ గుర్తుండేది కాదు. నేనూ ఎప్పుడూ అడగలేదు." కళ్ళు తుడుచుకుంది. "మొన్న దణ్ణం పెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చిందే. కానీ ఆశ. ఇన్నేళ్ళు అడిగాను కదా, కరుణించిందేమోనని."

అమ్మ పూజ మానలేదు. నేను మానమనలేదు. ఆవిడకి అమ్మవారి మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను గానీ అదీ లేదు. శుక్రవారం శుక్రవారం దీపం పెడుతూనే ఉంది. కాకపోతే ఇప్పుడు దేవుడి గది తలుపు దగ్గరగా వేసుకుంటుంది. హారతి ముందు గదిలోకి తీసుకురాదు. గంట చప్పుడు వింటే నాన్న చేతులు లేస్తాయని, గంట నాలుకకి పాత చీర పేలిక చుట్టింది. చెయ్యి ఊపుతుంది, చప్పుడు రాదు.

మొన్న శుక్రవారం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ తలుపు వేసుకోగానే నాన్న గదిలో ఫ్యాన్ ఆపాను. అవసరం లేదు, హారతి ఇటు రాదు. అయినా ఆపాను. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. కాసేపటికి అమ్మ బయటికి వచ్చింది. వస్తూనే ఆయన చేతుల వైపు చూసింది.

"ఏం మొక్కుకున్నావే అమ్మా?" అన్నాను.

"ఇంకేం మొక్కుతాను," అంది. "ఆయన ఇంక చేతులు జోడించకుండా చూడు తల్లీ అని."

నాన్నకి చెమట పడుతోంది. నేను లేచి ఫ్యాన్ వేశాను.