గేటు దగ్గర నిశ్శబ్దం

గనులు ప్రభుత్వం చేతికి వచ్చి కొన్నేళ్ళయిన తరువాత, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు, కోలార్ బంగారు గనుల్లో కార్మికులు కాపురముండే ఇళ్ళ వరుసల, అక్కడివాళ్ళు లైన్లనే వాటి, మధ్య ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో సహాయోపాధ్యాయినిగా చేరాను. మాది టేకల్. రాగి చేలూ నాలుగు ఆవులూ తప్ప వేరే లోకం తెలియని ఇల్లు. బంగారుపేటలో రైలు మారితే చేరిపోయే దూరమే అయినా, అంతకు ముందు గనుల ఊరు చూసి ఎరుగను.

హెడ్మాస్టరుగారు నా చేతికి రెండో తరగతి హాజరు పట్టీ ఇచ్చారు. దానితోపాటు ఒక సర్క్యులర్ కూడా ఇచ్చారు. ప్రతి పాఠశాలలోనూ ఒక ఉపాధ్యాయుడు ప్రమాద సమయపు ఏర్పాట్లకు బాధ్యుడిగా ఉండాలి, నడుచుకోవలసిన పద్ధతి రాసి పెట్టాలి, నెలకొకసారి పిల్లలకూ సిబ్బందికీ అభ్యాసం చేయించాలి అని దాని సారాంశం. సీనియర్లందరూ ఏదో ఒక కారణం చెప్పి తప్పుకున్నారట. కొత్తగా వచ్చినదాన్ని కనుక అది నాకు మిగిలింది.

ప్రమాదం అంటే ఏమిటో రెండో వారంలో తెలిసింది. నల్లబల్ల మీద కూడికలు రాస్తున్నాను. కాళ్ళ కింద నేలను ఎవరో అడుగు నుంచి తన్నినట్టయింది. కిటికీ రెక్కలు టపటపలాడాయి. నేను సుద్దముక్క వదిలేసి బల్ల పట్టుకున్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు.

"ఏమీ లేదు టీచర్, బరస్టు," అంది ముందు వరుసలోని సరస అనే పిల్ల, వాన పడుతోందని చెప్పినంత తేలిగ్గా.

రాక్ బరస్ట్ అన్నది ఆ గనుల శాపం. మైళ్ళ లోతున బంగారపు రాయిని తవ్వి తీసేసిన చోట, చుట్టూ ఉన్న బండ మీద పడే బరువు పెరిగిపోతుంది. ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని, ఒక్కసారిగా పగిలి పేలుతుంది. పెద్దదైతే లోపల సొరంగాలు మూసుకుపోతాయి, పైన ఇళ్ళ గోడలు చీలుతాయి. ముందుగా చెప్పగలిగిన వాళ్ళు లేరు.

పద్ధతి రాయడంలో సాయం చేయడానికి రెస్క్యూ స్టేషన్ నుంచి గోవిందప్పగారనే ఆయన్ని పంపారు. గనిలో ప్రమాదం జరిగితే ఊపిరి యంత్రాలు తగిలించుకుని లోపలికి దిగే జట్లు ఉంటాయి. జట్టు నాయకుణ్ణి కెప్టెన్ అంటారు. గోవిందప్పగారు అటువంటి కెప్టెన్. తాతల నాడు చిత్తూరు పల్లెల నుంచి పనికి వచ్చిన కుటుంబం. మాట తక్కువ. బడిలోకి వచ్చి ముందుగా చూసింది తలుపులు. అన్నీ లోపలికి తెరుచుకునేవే. పదిమంది ఒక్కసారి వచ్చి ఒత్తుకుంటే అవి తెరుచుకోవని చెప్పి, తరగతి గదుల తలుపులన్నిటికీ కీళ్ళు మార్పించారు. సామాను గది తలుపు మాత్రం చిన్నదనీ, పిల్లలు కూర్చునేది కాదనీ అలాగే వదిలేశాం. అది మేమిద్దరం చేసిన తప్పు.

నేల కదులుతున్నంత సేపూ ఎవరూ పరుగెత్తకూడదు, బల్ల కింద దూరి తల మీద చేతులు పెట్టుకోవాలి. కదలిక ఆగాక హెడ్మాస్టరు గంట కొట్టాలి. ముందున్న వాళ్ళ చొక్కా పట్టుకుని వరుసగా మైదానంలోకి నడవాలి. టీచరు హాజరు పట్టీతో అందరికంటే వెనక రావాలి. నేను అలా రాసి చూపించాను. చివర్లో "మైదానంలో తలలు లెక్కపెట్టాలి" అని ఉంది. ఆయన ఆ వాక్యం దగ్గర ఆగారు.

"తలలు లెక్క పెట్టొద్దమ్మా. పేర్లు చదవాల. గనిలో మనిషికొక టోకెన్ బిళ్ళ ఉండాది, దాని మీద నంబరు ఉండాది. ఎంతమంది వచ్చినారని మేము అడగం. ఎవరు రాలేదని అడుగుతాం."

మరొకటి కూడా ఆయనే చేర్పించారు. బండ కింద చిక్కుకున్నవాడు అరవడట. అరిస్తే గొంతు పోతుంది, దుమ్ము లోపలికి పోతుంది. పక్కనున్న ఇనుప గొట్టం మీద తడతాడు. పైవాళ్ళు పని ఆపి, ఊపిరి బిగబట్టి వింటారు. పిల్లలకు కూడా అదే నేర్పమన్నారు: మూడుసార్లు తట్టు, ఆగు, మళ్ళీ మూడుసార్లు తట్టు. హెడ్మాస్టరు చెయ్యి ఎత్తితే మైదానంలో అందరూ చప్పుడు చేయకుండా నిలబడాలి. ప్రథమ చికిత్స పెట్టెతోపాటు ఒక తాడు, ఒక గడ్డపార కూడా గేటు పక్కన ఉంచమన్నారు. బడికి గడ్డపార ఎందుకని హెడ్మాస్టరుగారు నొచ్చుకున్నారు గాని, తెప్పించారు.

అందరూ బయటికి వచ్చాక లోపల మిగిలినవాళ్ళను వెతకడానికి ఒక్క మనిషికే అనుమతి. ఆ మనిషిని 'ఆఖరి మనిషి' అనేవాళ్ళం. ఏ గదికి ఎన్ని మూలలున్నాయో చీకట్లో కూడా చెప్పగలిగినది మా ఆయా మునెమ్మ. నలభై దాటిన మనిషి, చదువు లేదు. భర్త చిన్నప్ప గనిలో సొరంగాలకు కట్టె దూలాలు నిలబెట్టే మేస్త్రీ. ఆ పని ఆమెకే అప్పగించాం.

మొదటి అభ్యాసం సంత లాగా సాగింది. ఒకడి చొక్కా చిరిగింది, ఇద్దరు పిల్లలు ఇంటికే వెళ్ళిపోయారు. శీతాకాలం వచ్చేసరికి ఐదు తరగతుల పిల్లలూ రెండు నిమిషాల్లో మైదానంలో ఉండేవాళ్ళు. నేర్పినది ఎప్పటికైనా పనికొస్తుందా అన్న సందేహం మాత్రం నాకు పోలేదు. కాగితం మీద పద్ధతి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఆ మరుసటి ఫిబ్రవరిలో ఒక ఉదయం, విరామం అయి పిల్లలు తరగతుల్లోకి వచ్చి కొద్దిసేపయింది. సుద్దముక్కలు అయిపోయాయని సరసను సామాను గదికి పంపాను. పంపి పాఠంలో పడ్డాను.

ఈసారి ముందుగా శబ్దం వచ్చింది. అది చెవులకు వినబడింది అనడం కంటే ఎముకలకు తెలిసింది అనడం సరి. తరువాత భూమి లేచి కూర్చుంది. నేను ఎదురుగా ఉన్న గోడ మీద సన్నని గీత కింద నుంచి పైకి పాకడం చూశాను. కప్పు పెంకులు జారి వరండాలో పగిలాయి. గదంతా సున్నపు దుమ్ము. అంత భయంలోనూ నేను చూసిన దృశ్యం ఈనాటికీ మరచిపోలేదు: నలభై మంది ఏడేళ్ళ పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, బల్లల కింద ఉన్నారు. ఒక్క ఏడుపు లేదు. నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే.

కదలిక ఆగింది. గంట మోగింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, పగిలిన పెంకుల పక్కగా, వాళ్ళు నడిచారు. అన్ని తరగతుల నుంచీ అలాగే వచ్చారు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అరుస్తున్న ఆ క్షణంలో మా వరండాలో వినబడింది చిన్న పాదాల చప్పుడొక్కటే.

మైదానంలో ఆత్రంకొద్దీ తలలు లెక్కపెట్టాను. ఉదయం హాజరు నలభై ఒకటి. తలలు నలభై ఒకటి. సరిపోయిందని హెడ్మాస్టరుగారికి చెప్పబోయి, ఆగి, పద్ధతి ప్రకారం పట్టీ తెరిచాను. పేర్లు చదివాను. సరస పేరుకు జవాబు రాలేదు. రెండోసారీ రాలేదు. ఒకటో తరగతి పిల్ల ఒకతె తన అక్క చొక్కా పట్టుకుని మా వరుసలో వచ్చేసింది. నేను లెక్కపెట్టిన నలభై ఒకటో తల ఆ పిల్లది.

సరసను పంపింది నేనే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళి హెడ్మాస్టరుగారికి రెండు ముక్కల్లో చెప్పాను. లోపలికి పరుగెత్తబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. "మీరు రాసిన పద్ధతే టీచర్. ఆఖరి మనిషి ఒక్కతే. అదీ విన్న తరువాత," అన్నారు. ఆయన చెయ్యి ఎత్తారు. పిల్లలందరూ నోరు మూశారు.

కాని గేటు దగ్గర చప్పుడు ఆగలేదు. అప్పటికే గనిలోకి దిగే బావి, షాఫ్టు, దగ్గర సైరన్ మొదలైంది. సైరన్ అంటే లోపల మనుషులు చిక్కుకున్నారని. లైన్లలోని ఆడవాళ్ళందరూ వీధిలోకి వచ్చేశారు. మొగుళ్ళు గనిలో, బిడ్డలు బడిలో. సగం మంది షాఫ్టు వైపు పరుగెత్తితే సగం మంది మా గేటు మీద పడ్డారు. పేర్లు పెట్టి పిలుస్తున్నారు, గేటును ఊపుతున్నారు, ఏడుస్తున్నారు. ఆ గోలలో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. హెడ్మాస్టరుగారు అరిచారు. ఎవరూ వినలేదు.

మునెమ్మ గేటు దగ్గరికి నడిచింది. ఆమె అరవలేదు. కమ్మీల సందుల్లోంచి ముందున్న ఇద్దరు ముగ్గురితో మామూలు గొంతుతో చెప్పింది.

"అమ్మా, లోపల ఒక బిడ్డ ఉండాది. తట్టేది వినాల."

ఆ రెండు మాటలు ఒకరి నుంచి ఒకరికి వెనక్కి వెళ్ళాయి. అవి ఎంతవరకు వెళ్ళాయో చప్పుడు తగ్గుతూ పోవడాన్ని బట్టి తెలిసింది. కొద్ది క్షణాల్లో వీధి మొత్తం ఆగిపోయింది. వాళ్ళు గని మనుషుల పెళ్ళాలు, కూతుళ్ళు. తట్టే చప్పుడు కోసం నిశ్శబ్దం ఎందుకు కావాలో వాళ్ళకు నేను చెప్పవలసిన పని లేదు. తమ భర్తలు బతికి ఉన్నారో లేదో ఆ నిమిషాన వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఎవరి బిడ్డ లోపల ఉందో కూడా తెలియదు. అయినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నా జీవితంలో అంత నిశ్శబ్దం నేను ఏ గుడిలోనూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో వినబడింది. ఇనుము మీద చెక్క. టక్, టక్, టక్. కొంచెం ఆగి, మళ్ళీ మూడు.

"సామాను గది," అంది మునెమ్మ. గడ్డపార తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆమె లోపల ఉండగా నేల మరోసారి కదిలింది. మొదటిదంత పెద్దది కాదు గాని, వరండా కప్పు నుంచి ఇంకొన్ని పెంకులు రాలాయి. గేటు అవతల ఎవరో "అయ్యో" అనబోతే పక్కవాళ్ళు నోరు నొక్కారు. గడ్డపార తలుపు సందులో పడిన చప్పుడు, చెక్క విరిగిన చప్పుడు విన్నాం. తరువాత మునెమ్మ వచ్చింది, చంకలో సరసతో. పిల్ల తల నుంచి కాళ్ళ దాకా సుద్దపొడి. చేతిలో డస్టరు ఇంకా పట్టుకునే ఉంది. లోపలికి తెరుచుకునే తలుపుకు కూలిన సామాను అడ్డం పడి, బయటికి రాలేక, దానితోనే ఇనుప బీరువా మీద తట్టిందట.

సరస నా వైపు చూసి మొదట అన్న మాట: "నేను అరవలేదు టీచర్."

నేను ఆ పిల్లను ఎత్తుకున్నాను. నా కళ్ళు నిండితే సున్నపు దుమ్ము అనుకోనిచ్చాను.

తరువాతి పని పిల్లలను ఒప్పజెప్పడం. తెలిసిన పెద్దవాళ్ళు వచ్చి నిలబడితే, పట్టీలో పేరు చదివి, టిక్కు పెట్టి, ఒక్కొక్కరినే గేటు దాటించాలి. ముఖాలు గుర్తుపట్టేది మునెమ్మే. ఎవరు తల్లో, ఎవరు పిన్నో, ఎవరు పక్కింటామో ఆమెకు తెలుసు. పది పేర్లు అయ్యాక నాకు తట్టింది, చిన్నప్పది కూడా ఉదయపు షిఫ్టేనని. వెళ్ళమన్నాను. షాఫ్టుకు వెళ్ళు, నేను చూసుకుంటానని చెప్పాను.

ఆమె గేటు గడియ మీంచి చెయ్యి తీయలేదు.

"ఆడికి పోయి ఏమి చేసేది టీచరమ్మా? ఆడా గేటు కాడ నిలబడాల్సిందే. ఈడా గేటు కాడే నిలబడుండాను. మీరు పేర్లు చదవండి."

చదివాను. మధ్యాహ్నం దాటే దాకా చదువుతూనే ఉన్నాం. కొందరు తల్లులు షాఫ్టు దగ్గరే ఉండిపోయారు. వాళ్ళ పిల్లలకు ఇళ్ళ నుంచి ముద్ద, పులుసు వచ్చాయి, ఎవరు పంపారో తెలియదు. ఆఖరి పిల్ల గేటు దాటాక మునెమ్మ పట్టీ వైపు చూసి, "ఇంగ ఎవరూ లేరు కదా?" అని అడిగింది. లేరన్నాను. అప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని పరుగెత్తింది. అంత వయసు మనిషి అంత వేగంగా పరుగెత్తగలదని నేను అనుకోలేదు.

చిన్నప్ప సాయంత్రం పైకి వచ్చాడు. ఎడమ చెయ్యి విరిగింది, అంతే. అందరి ఇళ్ళకూ అటువంటి కబురు రాలేదు. మా నాలుగో తరగతి పిల్లవాడి తండ్రి ఆ రోజు రాలేదు, మరునాడు శవాన్ని తెచ్చారు. ఆ పిల్లవాడి తల్లి ఆ ఉదయం మా గేటు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిన వాళ్ళలో ఒకతె. నేను ఆమెను పరామర్శించడానికి వెళితే, సరస ఎలా ఉందని ఆమె నన్ను అడిగింది. బాగుందని చెప్పి ఆమె పక్కన కూర్చున్నాను.

గోవిందప్పగారు పది రోజుల తరువాత వచ్చారు, కళ్ళ కింద నల్లబడి. సామాను గది తలుపు చూసి తన తప్పేనన్నారు. నాదీ అన్నాను. కీళ్ళు మార్పించాం. పాఠం మధ్యలో పిల్లను ఎక్కడికైనా పంపితే ఆ పేరు నల్లబల్ల మూల రాయాలన్న నియమం చేర్చాం. తరువాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఆ నియమం పెట్టాను, శ్రీనివాసపురంలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యే దాకా.

ఇంకొక మార్పు నాకు నేనుగా చేశాను. నేను మొదట రాసిన పద్ధతిలో తల్లిదండ్రుల గురించి ఒకే వాక్యం ఉంది: గేటు దగ్గర గుంపును అదుపు చేయవలెను. దాన్ని కొట్టేశాను. లోపల ఏం జరుగుతోందో గేటు దగ్గరున్న వాళ్ళకు వెంటనే, నిజంగా, వాళ్ళ మాటల్లో చెప్పవలెను, వాళ్ళు ఏం చేయాలో చెప్పవలెను అని రాశాను. ప్రమాదంలో మనుషులు గుంపుగా మారేది తమకేమీ తెలియనప్పుడు. తెలిస్తే వాళ్ళు సిబ్బందిలో భాగమే. ఆ సంగతి నాకు శిక్షణలో ఎవరూ నేర్పలేదు. మునెమ్మకు ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు.