నైనా లేచి వెళ్ళే దేశం

మా నైనా మొదటిసారి చచ్చిపోయింది మా ఆఫీసులో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఏసీ గదిలో చాప మీద. చచ్చే ముందు ఆయన అడిగింది ఒకటే మాట: "ఉత్తరం ఏ పక్క?"

నేను వీడియో గేములకు బొమ్మలు చేసే కంపెనీలో పని చేస్తాను. ఆట ఎవరో వేరే దేశంవాళ్ళది. అందులో ఉండే ముఖాలు, చొక్కాలు, పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన గేట్లు చెన్నైలో కూర్చుని మేం చేసి పంపిస్తాం. అప్పుడు చేస్తున్నది తుపాకుల ఆట. ఊహించి కట్టిన రేవుపట్నం ఒకటి, దానికి కాపలావాళ్ళు, వాళ్ళను కాల్చుకుంటూ ముందుకు పోయే ఆటగాడు. కాపలావాళ్ళలో అరవై దాటిన పెద్దాయన ఒకడు కావాలన్నారు. మా ఆఫీసులో చూస్తే అంతా మీసాలు సరిగ్గా రాని మొహాలే. "మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళున్నారా అండీ?" అని మా టీమ్ లీడరు నన్నడిగాడు. విజయవాడ నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు, మా మద్రాసు తెలుగు వింటే నవ్వాపుకోలేడు.

మా ఇంట్లో నైనా ఉన్నాడు, నాన్నను మేం పిలిచేది అట్లాగే. జార్జి టౌన్‌లో కాయితాల హోల్‌సేల్ కొట్లో జుట్టు నెరిసేదాకా పని చేసి, మానేసి, చింతాద్రిపేట ఇంట్లో పేపరు చదువుతూ అమ్మచేత తిట్లు తింటున్నాడు. నేనడగడమే ఆలస్యం, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు.

చుట్టూ కెమెరాలు పెట్టి ఆయన ముఖాన్ని అన్ని వైపుల నుంచీ తీశారు. నడిపించి, ఎడమ కాలు కాస్త ఈడ్చే ఆ నడకనూ తీశారు. ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని దూరం చూడటం ఆయనకు అలవాటు. అదీ బాగుందని తీసుకున్నారు. చివరగా, కాలిస్తే ఎలా పడి ఉంటాడో, పడ్డాక బట్టలు ఎక్కడెక్కడ ముడత పడతాయో చూసుకోవాలి, చాప మీద పడుకోమన్నారు. అప్పుడే ఆ ఉత్తరం మాట వచ్చింది.

"బతికుండే మనిషి ఉత్తరం పక్క తల పెట్టకూడదు పాపా. సుమ్మా చచ్చినట్టు పడుకోమంటే పడుకుంటా. నిజంగా చావమంటే ఎట్ట?"

గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. ఒకడు ఫోన్‌లో దిక్కులు చూశాడు, ఇద్దరు కలిసి చాపను తిప్పారు. నైనా తృప్తిగా పడుకుని నోరు కొంచెం తెరిచి చచ్చిపోయాడు. ఎంత బాగా చచ్చిపోయాడంటే నేనే ఆగలేక, "చాలు, లేయి నైనా" అన్నాను. లేచి, బిరియాని పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాడు.

అమ్మ మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచింది. "ఏమయ్యా, నీకు బుద్ధుండాదా? బంగారం మాదిరి ఉండే మనిషివి, పోయి పీనుగు మాదిరి పడుకోనొస్తావా? యముడు చూసిపోయుంటాడు!"

"చూసినా పరవాలే. తల ఉత్తరం పక్క పెట్టలేదులే."

ఆట విడుదలయ్యాక టీ కొట్టు దగ్గర ఆయన గొప్పలు ఇంతా అంతా కాదు. "ఆ గేమ్‌లో నేనూ ఉండాను. వచ్చేవాడూ పోయేవాడూ నన్నే కాలుస్తాడు" అని చెప్పుకునేవాడు. సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే, "ఈరోజు ఎవురు చంపినారు పాపా నన్ను?" అని అడిగేవాడు. నాకూ సరదాగానే ఉండేది. లేదని ఎందుకు చెప్పాలి?

నిజంగా పోయింది ఆ తర్వాతి వానాకాలంలో. మైలాపూరులో కాఫీపొడి కొనుక్కొస్తానని బయలుదేరి, రైలు స్టేషను మెట్ల మీద పడిపోయాడు. పొద్దున పది గంటల వేళ, ఆఫీసులకు పోయే జనం. అందరూ ఆయన పక్కనుంచే ఎక్కారు, దిగారు. మెట్ల కింద పూలమ్మే ఆమె చివరికి అనుమానం వచ్చి దగ్గరికెళ్ళి చూసిందట. "తాగి పడున్నాడనుకున్నామమ్మా" అని తమిళంలో చెప్పి నా ముందే ఏడ్చింది. ఆమెను ఏమనగలను? నేనైనా ఆ టైములో ఆ మెట్లెక్కుతుంటే ఆగేదాన్నో లేదో.

అమ్మ ఆమెను ఒకటే అడిగింది. "తల ఏ పక్క ఉండింది?" ఆమెకు తెలియలేదు.

హాల్లో నైనాను పడుకోబెట్టి, కాలి బొటనవేళ్ళు కట్టి, తల దగ్గర మట్టి ప్రమిదలో దీపం పెట్టారు. తీసుకుపోయేదాకా అమ్మ ఆ దీపం దగ్గర నుంచి కదల్లేదు. నూనె పోస్తూ, వత్తి ఎగదోస్తూ, "ఆడ దీపం లేకుండా పడుండాడే, అంతమంది పోతూ వస్తూ ఉంటే దిక్కులేనోడి మాదిరి పడుండాడే" అని అదే మాట అంటూ ఉండింది.

పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు పోయాను. పక్క వరుసలో ఆటను పరీక్షించే పిల్లలు కూర్చుంటారు. పొద్దంతా వాళ్ళు చేసేది ఆడటమే. నేను రాగానే ఒకడు తన తెరను పక్కకు తిప్పుకున్నాడు. "తిప్పొద్దు, పని చూసుకో" అని కసిరాను. వాడు మళ్ళీ ఇటు తిప్పాడు. తెర మీద రేవు గోడ పక్కన మా నైనా పడి ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుని. తెర పైభాగంలో దిక్కులు చూపే సన్నటి పట్టీ ఉంటుంది. నా కళ్ళు నేరుగా దాని మీదికే పోయాయి. తల ఉత్తరం వైపే ఉంది.

అప్పటి నుంచి నాకు అదొక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఆయన పడినా తల ఎటుందో చూడటం. మా ఇంట్లో ఆయనకు చెయ్యగలిగిందీ, ఆ మెట్ల మీద చెయ్యలేకపోయిందీ అంతా ఆ తెర మీద ఆయన్ను చూసినప్పుడల్లా గుర్తొచ్చేది. ఒక ఆట ఆడేవాడు నెట్‌లో వీడియో పెట్టాడు. కాపలావాళ్ళను చంపి, ఒక్కొక్కరినీ ఈడ్చుకొచ్చి గోడ పక్కన పేర్చి, ఆ కుప్ప ఎక్కి గంతులేశాడు. ఒకే ముఖాన్ని చాలామంది కాపలావాళ్ళకు వాడతారు, ఆ కుప్పలో మా నైనాలు ఎందరో. కింద జనం పగలబడి నవ్విన గుర్తులు. వాడి చేతులు విరగ!

ముఖం మార్చెయ్యమంటే మా లీడరు మార్చేసేవాడే. "చెప్పండి, ఒక్క పూట పని" అని తనే రెండుసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను. ఎందుకంటే చావక ముందు ఆయన నడుస్తాడు. రేవు గోడ వెంట, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, చివరిదాకా పోయి, చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూసి, వెనక్కి తిరుగుతాడు. ఇంట్లో ఉన్నవన్నీ కదలని ఫోటోలు. భోజనాల వేళ అందరూ లేచిపోయాక ఆట తెరిచి, ఆ రేవులోని పెట్టెల చాటున దాక్కుని ఆయన్ను చూస్తూ కూర్చునేదాన్ని. డబ్బాలో అన్నం చల్లారిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక చాటు నుంచి బయటికి వచ్చాను. నైనా తిరిగి చూశాడు. ఆ చూపు నా మీద ఆగింది. ఒక్క క్షణం, దేవుడి మీద ఒట్టు, గుర్తుపట్టాడనుకున్నాను. మరుక్షణం ఎవరిదో గొంతుతో గట్టిగా అరిచి తుపాకీ ఎత్తి నన్ను కాల్చేశాడు.

ఇంట్లో అమ్మకు కలలు మొదలయ్యాయి. నైనా కింద పడి ఉండి, "లేవలేకపోతుండాను, చెయ్యియ్యే" అంటాడట. ఈమె చెయ్యి చాపేలోపు జనం అడ్డం వస్తారట. "నీ గేమ్‌లో పడుండాడు గదా, అందుకే ఆయనకు గతి లేదు. ఆణ్ణుంచి లేపు ఆయన్ని" అని నా ప్రాణం తీసేది. "అది బొమ్మేమ్మా!" అని అరిచేదాన్ని. అరిచి, మర్నాడు పోయి దిక్కుల పట్టీ చూసుకునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో ఒక దేశపు ప్రభుత్వం మా ఆటను నిషేధించింది. ఏ దేశమైతేనేం, పెద్ద దేశమే. లీడరు అందరినీ కూర్చోబెట్టి వాళ్ళ అభ్యంతరాలు చెప్పాడు. రక్తం ఎర్రగా ఉండకూడదు. పడినవాడిని మళ్ళీ కాల్చే వీలుండకూడదు, ఈడ్చే వీలుండకూడదు. శవం నేల మీద అలాగే ఉండిపోకూడదు, పడిన కాసేపటికే మాయమైపోవాలి. ఇవన్నీ మారిస్తే మళ్ళీ చూస్తామన్నారట. గదిలో అందరూ ఆ ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోశారు. ఎర్రది కాకపోతే పచ్చ రక్తం కారుతుందా అని ఒకడు, రేపు తుపాకీలో మల్లెపూలు పెట్టమంటారు అని ఒకడు.

నేనైతే వాళ్ళందరికంటే గట్టిగా తిట్టాల్సిన మనిషిని. పెళ్ళిళ్ళలో చుట్టాలు నన్ను చూడగానే, "ఇట్టాంటి గేములన్నీ గవర్నమెంటు మూసిపారేయాల, పిల్లకాయలు చెడిపోతుండారు" అని మొదలుపెడతారు. "మీవాడు లెక్కల్లో తప్పితే దానికీ నేనేనా కారణం?" అని నోరు మూయించేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. ఆట చూసి ఎవడూ కత్తి పట్టుకోడు, పట్టుకునేవాడు ఆట లేకపోయినా పట్టుకుంటాడు. కానీ ఆ రోజు లీడరు 'శవం ఉండిపోకూడదు' అంటుంటే నా గుండెల మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది. ముక్కూ మొహం తెలియని ఆ ఆఫీసర్లకు దండం పెట్టాలనిపించింది. ఈ సంగతి ఎవరితో చెప్పను?

శవం పోతే ఆ చోట ఏదో ఒక గుర్తు మిగలాలి. అక్కడి తూటాలు, మందులు ఆటగాడు తీసుకోవాలి కదా. సంచీ పెడదామన్నారు, పెట్టె పెడదామన్నారు.

"దీపం పెడదాం" అన్నాను.

"దీపమా? మన ప్రమిదా?" అన్నాడు లీడరు.

"చీకట్లో దూరానికి గూడా కనపడతాది. పెట్టయితే వెతుక్కోవాల."

నిజమే కదా అన్నాడు. మైలాపూరు పోయి బండి మీద అమ్మే మట్టి ప్రమిదలు తెచ్చి, మేజా మీద వెలిగించి చూసుకుంటూ చేశాను. వత్తి కొస నలుపు, అంచు మీద కారిన నూనె మరక, ఏదీ వదల్లేదు. ఇంత మనసు పెట్టి నేను ఇంకే బొమ్మా చెయ్యలేదు.

ఆ దేశంవాళ్ళు ఒప్పుకున్నారు. ఆదివారం పగలు ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అంతవరకూ ఆమె ఆ ఆట వైపు తలెత్తి చూడలేదు. నైనా గోడ వెంట నడిచొస్తుంటే అమ్మ తెర దగ్గరికి వంగింది. వేలితో తెర మీద ఆ ఎడమ కాలును తాకింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, "కళ్ళద్దాలు పెట్టుకోమంటే వింటాడా" అని విసుక్కుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

దీపం చూపించాలంటే ముందు ఆయన్ను నేను కాల్చాలి. ఇంటిదాకా తెచ్చుకునేవరకూ ఈ ముక్క నాకు తట్టనే లేదు. వేలు మీట మీద ఉంది, నొక్కలేకపోయాను.

"ఏందే చూస్తుండావు?" అంది అమ్మ. "నువ్వు పడేస్తేనే గదా ఆయన లేచేది. కాల్చు."

కాల్చాను. నైనా మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగాడు. తల ఎటుందో ఈసారి నేను చూడలేదు. చూస్తుండగానే మనిషి పలచబడ్డాడు, పొగలా తేలిపోయాడు. ఖాళీ నేల మీద ప్రమిద వెలిగింది.

"లేచిపోయినాడు" అంది అమ్మ. రెండు చేతులూ జోడించింది. "గాలికి ఆరిపోతాదా?"

"ఆరదుమ్మా."

"మన దేశంలో గూడా ఇట్టానే గదా?"

మన దేశంలో ఎవరూ దాన్ని నిషేధించలేదు. ఇక్కడ అమ్మేది పాత ఆటే. ఇక్కడి ఇళ్ళలో ఆయన ఇంకా అలాగే పడి ఉంటాడు, తల ఎటుంటే అటు, ఎవరో ఈడ్చేదాకా. "ఇట్టానేమ్మా" అన్నాను. ఆ తర్వాత అమ్మకు ఆ కల రాలేదు.

ఇప్పుడు పొద్దున పేపరు రాగానే నేను వెతికేది ఒకటే వార్త. మన ప్రభుత్వం మా ఆట మీద చెయ్యి వేసిందా లేదా అని. నా బిడ్డలాంటి పనిని మూసెయ్యమని మొక్కుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా పైవాటాలో కొత్తగా దిగినవాళ్ళ ఇంట్లో సాయంత్రాలు ఆ ఆటే ఆడతారు. ఆ తుపాకుల చప్పుడు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. అమ్మ వంటింట్లో బియ్యం ఏరుకుంటూ, చప్పుడైనప్పుడల్లా తలెత్తి, "లేచిపోయినాడు" అని నవ్వుకుంటుంది. నిన్న నేను భరించలేక కిటికీ మూయబోయాను.

"మూయొద్దు, తెరిచే ఉండనీ" అంది అమ్మ.