మస్తాన్‌బీ అక్క పీకిన ప్లగ్గు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అదేం పెద్ద నేరం కాదని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నరసరావుపేట. బడిలో కంప్యూటర్ టీచర్ని. మా ఇంటి కింది వాటాలో మస్తాన్‌బీ అక్క, ఆమె కూతురు షమీమ్ అద్దెకుంటారు. రెండు వాటాలకూ ఒకటే వైఫై. రౌటర్ మా వరండా గోడకుంది. నాలుగేళ్ల కిందట షమీమ్‌కి ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది, మర్నాడు పొద్దున్నే. రౌటరేమో మాటిమాటికీ ఆగిపోతోంది. దాన్ని లోపల నడిపించే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే బాగుపడుతుందని ఎక్కడో చదివాను. నేను చూసుకుంటాలే అన్నాను. సాయం కోసమే అన్నానా, గొప్ప కోసం కాదా? రెండూను.

ఒకే మోడల్‌లో రకరకాల వెర్షన్లుంటాయి. ఏ వెర్షనో రౌటర్ వెనక రాసి ఉంటుంది, దానికి తగిన ఫైలే ఎక్కించాలి. గోడ నుంచి విప్పి చూడటానికి బద్ధకించి, ఇదే అయ్యుంటుందిలే అనుకుని నొక్కేశాను. లైట్లన్నీ ఆరిపోయాయి. ఎన్ని తంటాలు పడ్డా మళ్లీ వెలగలేదు.

పది నిమిషాలకు ఉరిమింది. ఉరిమితే చాలు, పైనా కిందా ప్లగ్గులు పీకడం మస్తాన్‌బీ అక్కకు అప్పట్లో అలవాటు. ఎప్పటిలాగే వచ్చి రౌటర్ ప్లగ్గు పీకింది.

"ఏంది అక్కా, పీకేశావా! ఫైలు ఎక్కేటప్పుడు కరెంటు తీస్తే ఇది చచ్చిపోద్ది!"

"అయ్యో, నాకేం తెలుసు చెల్లీ! మరి పిల్ల ఇంటర్వ్యూ?"

కరెంటు గురించి నేనన్నది నిజమే. కానీ ఆ రౌటర్ ఆమె రాకముందే చచ్చింది.

మర్నాడు షమీమ్ ఫోన్‌లోనే ఇంటర్వ్యూకి కూర్చుంది. మబ్బు పట్టి సిగ్నల్ లేదు. ఇంటర్వ్యూ మధ్యలో తెగింది, వాళ్లు మళ్లీ పిలవలేదు. ఇప్పుడు బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. అప్పుడు తల్లితో నెల రోజులు మాట్లాడలేదు.

అప్పుడే ఎందుకు చెప్పలేదు? సిగ్గు. తర్వాత? భయం. ఇప్పుడు చెబితే తప్పు కన్నా ఈ నాలుగేళ్ల మౌనమే పెద్దదవుతుంది, చెప్పకపోతే ఒకటే గేటు, ఒకటే మెట్లు, రోజుకు నాలుగుసార్లు ఆమె ముఖం చూడాలి, రంజాన్‌కి ఆమె పంపే సేమ్యా నవ్వుతూ తినాలి. ఎటూ కదల్లేను.

ఈరోజు మధ్యాహ్నం ఉరిమింది. మస్తాన్‌బీ అక్క మెట్ల దగ్గరే నిలబడి, ప్లగ్గు పీకమని నన్ను పిలిచింది. ఆమెనే వచ్చి పీకమన్నాను. చేతులు కొంగులో దాచుకుంది.

"నువ్వే పీకు చెల్లీ. నా చెయ్యి మంచిది కాదు."

నేనే పీకాను. ఆమె చేతికి ఏ పాపమూ తెలియదు. పాడు చేసింది నేను. ఈ మాట మొదటిసారి రాశాను, గుండె కాస్త తేలికపడింది. ఆమె మాత్రం కిందికి వెళ్లకుండా మెట్ల మీదే కూర్చుని వాన చూస్తోంది.